ఆస్కార్ చేప పెంపకం

దుకాణంలో రెండు అంగుళాల ఆస్కార్ పిల్లను చూసి చిన్న తొట్టె కొనేవారే ఎక్కువ. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానికి చెందిన ఈ చేప శాస్త్రీయ నామం ఆస్ట్రోనోటస్ ఓసెల్లేటస్. ఇది దాదాపు 30 సెంటీమీటర్లు పెరుగుతుంది, సరిగా సాకితే 10 ఏళ్లకు పైగా బతుకుతుంది. మేత వేసే మనిషిని చూడగానే అద్దం దగ్గరకు వస్తుంది కూడా.

తొట్టె చిన్నదైతే చేప చిన్నగానే ఉండిపోతుందనుకోవడం సరికాదు. మొప్పల ద్వారా అది విసర్జించే అమ్మోనియా కొద్దిపాటి నీటిలో త్వరగా పేరుకుని దానికే విషమవుతుంది. ఫిల్టర్‌లో పెరిగే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. మిగిలిన నైట్రేట్ తగ్గడానికి వారం వారం కొంత నీరు మార్చాలి. శుభ్రత పేరిట నీరంతా ఒకేసారి పారబోసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే, క్లోరిన్ వల్ల ఆ బాక్టీరియా నశిస్తాయి. తళతళలాడే తొట్టెలో చేప చనిపోవడానికి తరచుగా ఇదే కారణం.

పెంచలేకపోతే దుకాణదారుకు తిరిగి ఇవ్వవచ్చు గాని, చెరువులో వదలరాదు. అక్కడి చేపపిల్లలను అది తినేస్తుంది.