పర్ణశాల కోతీ – బావమరిది కారూ

ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. పూర్వం పక్కింటివారి పట్టుచీరె, ఎదురింటివారి గంగాళం పెళ్ళిళ్ళకు ఎరువు తెచ్చుకునేవారు. గంగాళానికి సొట్ట పడితే మాట్లు వేసేవాడు నాలుగు డబ్బులతో సరిచేసేవాడు. వ్యవహారం వీధి దాటేది కాదు. ఇప్పుడు మనం ఎరువు తెచ్చుకునేది కార్లు. వాటికి సొట్ట పడితే మాత్రం సర్వీసు సెంటరు, ఇన్సూరెన్సు, బంధుత్వం – మూడింటికీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

మొన్న వేసవి సెలవుల్లో మా బావమరిది కారు తీసుకుని ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూను. రాములవారి దర్శనం అయ్యాక పర్ణశాల చూడకుండా వస్తే యాత్ర పూర్తి కాదని మా ఆవిడ పట్టుదల. చర్ల వైపు వెళ్ళే రోడ్డు పట్టుకుని దుమ్ముగూడెం మండలంలో సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు పోతే గోదావరి ఒడ్డున పర్ణశాల వస్తుంది. సీతమ్మవారు నారచీరెలు ఆరవేసిన ఆనవాళ్ళని రాతిమీద చారలు చూపిస్తారు. పసుపు కుంకుమల రాళ్ళు చూపిస్తారు. బంగారు లేడి వచ్చిన చోటు ఇదేనంటారు. లేనిదాన్ని ఉన్నదనుకుని మోసపోయిన కథ జరిగిన ఆ చోటనే మా కారుకు అటువంటి ముచ్చటే ఒకటి జరిగింది.

అద్దాలు రెండూ మడిచే పెట్టి వాగు వైపు వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి కుడివైపు అద్దం కీలు విరిగి, తీగె మీద వేలాడుతున్నది. గాజు కింద ముక్కలై పడి వున్నది. చెట్టు కింద కొబ్బరికాయలమ్మే ఆవిడ మాకు సంగతి విప్పి చెప్పింది: ‘‘పెద్ద కోతండీ! అద్దాన్ని తనే తెరుచుకున్నది. అందులో ఇంకో కోతి వున్నదనుకుని పళ్ళికిలించి, పట్టుకు ఊగులాడింది. ఇక్కడి డ్రైవర్లు అద్దాలకు గుడ్డసంచీ తొడిగి పోతారు.’’

ఆవిడ చెప్పినది శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. 1970లో గోర్డన్ గాలప్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జంతువులకు అద్దం చూపించి పరీక్ష చేశాడు. చింపాంజీలు కొన్నాళ్ళకు ‘ఇది నేనే’ అని పోల్చుకున్నాయి. కోతులు మాత్రం పోల్చుకోలేకపోయాయి. ఎన్నాళ్ళు చూసినా వాటికి ఆ బొమ్మ పరాయి కోతే. తన ఇలాకాలోకి వచ్చిన పరాయి కోతిని తరిమికొట్టడం దాని ధర్మం. అంచేత దాన్ని తప్పు పట్టడానికి లేదు. బిల్లు పంపడానికి అసలే లేదు.

ఎడమవైపు అద్దం లేకుండా ఎలాగో నెట్టుకురావచ్చు. 2009లో వచ్చిన చవకరకం నానో కారుకు అసలు డ్రైవరు వైపు అద్దం ఒక్కటే వుండేది. కాని కుడివైపుది లేకపోతే వెనక లారీ దాటి వస్తున్నదీ లేనిదీ తెలియదు. 1909లోనే డొరొతీ లెవిట్ అనే ఇంగ్లీషు వనిత, కారు నడిపే స్త్రీలు చేతి అద్దం ఒకటి దగ్గర వుంచుకుని వెనక వచ్చేవాటిని చూసుకోవాలని తన పుస్తకంలో సలహా ఇచ్చింది. 1911లో ఇండియానాపొలిస్ పందెంలో రే హారూన్ తన కారుకు అద్దం బిగించుకుని నెగ్గాడు. మా అమ్మాయికి ఆ కథ చెబితే, తన హాండు బాగులోని చిన్న అద్దం తీసి ఇచ్చింది! దానితో పని జరగలేదు గాని, భద్రాచలం దాకా ముప్పై మైళ్ళ వేగం దాటకుండా, ఎవరినీ దాటకుండా వచ్చాం. అక్కడ మెకానిక్కు ఒక గుండ్రటి అద్దాన్ని తాత్కాలికంగా బిగించి ఇచ్చాడు. పగలుండగానే ఖమ్మం చేరాం.

మర్నాడు సర్వీసు సెంటరుకు వెళ్ళాను. కారు అద్దమంటే ఒక గాజుముక్క అనుకునే కాలం పోయింది. గాజు, వెనక తొడుగు, కీలు, మోటారు, సిగ్నలు దీపం – అన్నీ కలిపి ‘అసెంబ్లీ’ అంటారు. గాజు ఒక్కటే పగిలివుంటే వందల్లో పోయేది. కీలు విరిగింది కనుక అసెంబ్లీ మొత్తం మార్చాలన్నారు. సామాను 5,000, దానిమీద పన్ను 900. బిగింపు కూలి 500, పన్ను 90. వెరసి 6,490 రూపాయలు. 2025 సెప్టెంబరు 22కు ముందైతే సామానుమీద పన్ను నూటికి 28 వుండేది, ఇప్పుడది 18 అయింది గనుక ఆ మేరకు అదృష్టవంతులమేనన్నాడు గుమాస్తా. ప్రైవేటు కాలేజీ లెక్చరరుకు, పిల్లవాడి ఫీజు కట్టవలసిన నెలలో, అదృష్టమంటే అంతకన్నా ఏం వుంటుంది?

బావమరిదికి మొదటిరోజే ఫోను చేసి చెప్పాను. ‘‘దానికేం బావగారూ! ఇన్సూరెన్సు వున్నదిగా, వాడు ఇస్తాడు, వదిలెయ్యండి’’ అన్నాడు. వినడానికి ఎంతో హాయిగా వున్నది. మా ఆవిడ మాత్రం, ‘‘ముందు లెక్క చూడండి. తమ్ముడు మొహమాటానికి అన్నాడేమో’’ అంది.

లెక్క చూశాను. పాఠకులు కూడా ఓపికగా చూడాలని మనవి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ సామానుకు తరుగుకింద సగం కొట్టేస్తారు. అసెంబ్లీ అంతా ఆ పద్దులోనే పడుతుందని సెంటరులో చెప్పారు. 5,900లో 2,950 పోయింది. మిగిలినదానికి కూలి 590 కలిపితే 3,540. ఆపైన చిన్నకార్ల యజమాని విధిగా భరించవలసిన 1,000 తీసేస్తే చేతికి వచ్చేది 2,540.

ఇప్పుడు రెండోవైపు చూడండి. క్లెయిము చేయని యజమానికి ఏటేటా ప్రీమియంలో రాయితీ పెరుగుతుంది – నూటికి 20, 25, 35, 45, చివరకు 50. ఒక్క క్లెయిము పెడితే అదంతా పోయి మళ్ళీ సున్న నుంచి మొదలు. మా బావమరిదికి రాబోయే ఏడు 45 వంతు రావాలి. అతని కారు నష్టాల ప్రీమియం 8,000. అంటే పోయేది 3,600. ఆ పై సంవత్సరం 50కి బదులు 20 మాత్రమే వస్తుంది. అక్కడా సుమారు 2,400 నష్టం. 2,540 కోసం 6,000 పోగొట్టుకోవడమన్నమాట! ఆ పోయేది నాది కాదు, అతనిది. ‘ఇన్సూరెన్సు ఇస్తుంది’ అన్న మాటకు అసలు అర్థం ‘నేనే ఇస్తాను’ అని. పాపం, అతనికీ ఆ సంగతి తెలియదు.

విజయవాడ ఆటోనగర్‌లో పాతసామాను సగం ధరకు దొరుకుతుందని ఒక మిత్రుడు చెప్పాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ‘‘మన కారైతే పాతది వేసుకుందాం. తమ్ముడి కారుకు కొత్తదే వెయ్యాలి’’ అంది. పిల్లవాడి ఫీజు రెండు వాయిదాలకు మార్పించుకుని, బిల్లు కట్టి, కొత్త అద్దంతో కారు అప్పగించాం.

బావమరిది నొచ్చుకున్నాడు. అతని భార్య, నాకు చెల్లెలి వరస, సూటిగా అన్నది: ‘‘అన్నయ్యగారూ, మీరిలా చేస్తే ఈసారి కారు అడగడానికి మీకు మొహమాటం, ఇవ్వడానికి మాకు మొహమాటం.’’ మా ఆవిడ దానికి జవాబు చెప్పింది: ‘‘కాదమ్మా. అరిగింది మీ ఖర్చు, విరిగింది మా ఖర్చు. ఈ మాట అనుకుంటే ఇద్దరికీ మొహమాటం వుండదు.’’ మరుసటి ఆదివారం బావమరిది పొలం బియ్యం బస్తా ఒకటి మా వరండాలో దింపి పోయాడు. ధర అడగలేదు. అడిగితే బాగుండదు కూడాను.

చివరగా, కారు ఎరువు తెచ్చుకునేవారికీ ఇచ్చేవారికీ నాలుగు మాటలు. దెబ్బ తగిలిన రోజే యజమానికి చెప్పండి. విరిగిన భాగమేదో విడిగా అడిగి ధర తెలుసుకోండి. గాజుతో పోయేదానికి అసెంబ్లీ కొనకండి. క్లెయిము పెట్టేముందు వచ్చేదీ పోయేదీ కాగితం మీద వేసుకోండి. తరుగు మినహాయించని పాలసీ అయినా రాయితీ సంగతి విడిగా చూసుకోవాలి. అన్నిటికీ మించి, కోతులున్న క్షేత్రానికి వెళ్ళేటప్పుడు పాత గుడ్డసంచులు రెండు వెంట వుంచుకోండి. వాటికి పన్ను లేదు, తరుగూ లేదు.