హోమ్ థియేటర్: బాస్ దద్దరిల్లుతోంది.. డైలాగ్ వినపడట్లేదా? ముందు టేపు తీయండి!

వేలకు వేలు పోసి 5.1 హోమ్ థియేటర్ కొంటారు. పాటొస్తే కిటికీలు అదురుతాయి.. హీరో డైలాగ్ మాత్రం అర్థం కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇళ్లలో దీనికి ఓ కారణం కాళ్ల కిందే ఉంది. బేతంచెర్ల బండలో, టైల్సో పరిచిన నేల, ఖాళీ గోడలు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. అందుకే మాట కలగాపులగమవుతుంది. సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన కర్టెన్లు వేస్తే తేడా తెలుస్తుంది.

ఆ తర్వాతే సెట్టింగ్స్. మీరు కూర్చునే చోటు నుంచి ఒక్కో స్పీకర్‌కు దూరం టేపుతో కొలిచి రిసీవర్‌లో ఎంటర్ చేయండి. అడుగు తేడా ఉంటే శబ్దం దాదాపు 1 మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది. దాన్ని రిసీవరే సరిచేస్తుంది. చిన్న స్పీకర్లకు క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. అంతకు దిగువ శబ్దాన్ని సబ్‌ఊఫర్ చూసుకుంటుంది.

ఇప్పుడు టెస్ట్ టోన్ వేసి, సోఫా దగ్గర ప్రతి స్పీకర్ 75 డెసిబెల్స్ చూపేలా లెవెల్ సర్దండి. మీటర్ లేకపోతే స్పీకర్లను పోల్చుకోడానికి ఫోన్ యాప్ చాలు. సబ్‌ఊఫర్ విషయంలో మాత్రం ఫోన్ మైక్‌ను నమ్మొద్దు.

సబ్‌ఊఫర్‌ను మూలలో పెడితే బాస్ పెరుగుతుంది, గుయ్‌మనడమూ ఎక్కువే. దానికో చిట్కా ఉంది. సబ్‌ఊఫర్‌ను సోఫాలో పెట్టి బాస్ ఉన్న పాట వేయండి. గోడల వెంట వంగి తిరుగుతూ వినండి. బాస్ ఎక్కడ సమంగా, స్పష్టంగా వినిపిస్తే అక్కడే దాన్ని పెట్టండి. పక్కింటితో కలిసిన గోడకు మాత్రం ఆనించొద్దు.

కొత్త సబ్‌ఊఫర్‌కు డబ్బులు పెట్టే ముందు ఓ ఆదివారం ఇది చేసి చూడండి. ఖర్చు తివాచీ, కర్టెన్లదే!