డిస్కు చదువని డ్రైవు

చిత్తూరునుండి మొగిలి కనుమ నెక్కి, సముద్రమట్టమునకు సుమారు 680 మీటర్ల యెత్తుననున్న పలమనేరు చేరిన బాటసారికి మొదట అనుభవమునకు వచ్చునది అచ్చటి గాలి చల్లదనము; రెండవది, మదరాసు బెంగుళూరుల నడుమ రేయింబవళ్లు సాగు లారీలు లేపెడు దుమ్ము. చల్లదనమును మెచ్చుకొన్నవారు పెక్కుమంది గలరు గాని దుమ్మునుగూర్చి వ్రాసినవారు అరుదు. ఈ వ్యాసమునకు మాత్రము ఆ రెండవదే ప్రకృతము.

ఆ యూరి యిండ్లలో, ఆ మాటకు వచ్చినచో తెలుగునాట ఏ యూరి యిండ్లలోనైనను, బీరువా పై యరలో పట్టుచీరల క్రింద పెండ్లి ఆల్బముతోపాటు స్టూడియోవా రిచ్చిన డీవీడీలు రెండో మూడో పదిలముగా నుండును. పదునైదేండ్లనాటి ముహూర్తమును, నేడు లేని పెద్దల నడకయు మాటయు వానియందే గలవు. వానిని చదువవలసిన ల్యాప్‌టాపు మాత్రము, డిస్కు వేసినంతనే గరగరమని రెండుమూడుమారులు గొంతు సవరించుకొని, తుదకు లోపల డిస్కే లేదని బొంకుచుండును. బజారునకు గొనిపోయినచో, "లెన్సు వీకయిపోయిండాది సార్, కొత్తది ఏసుకోవాల్సిందే" యను తీర్పు వినవచ్చును. ఆ తీర్పు పెక్కుమారులు నిజమే. కాని దానిలో వేర్వేరు వ్యాధులు ఇమిడియున్నవి, వానిలో కొన్ని లెన్సునకు సంబంధించినవి కానేకావు.

డిస్కనగా 12 సెంటీమీటర్ల వ్యాసమును 1.2 మిల్లీమీటర్ల మందమును గల పాలీకార్బనేటు బిళ్ల. ఫిలిప్సు, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన సీడీ 1982లో జపానున అంగడి కెక్కినది. డీవీడీ 1996లో వచ్చినది. అచ్చువేసిన సీడీలో, నడిమినుండి బయలుదేరి అంచువరకు చుట్లుచుట్లుగా సాగు ఒకే బాటపై, కంటికి కానరాని గుంటలు వరుసదీరి యుండును. చుట్టునకును చుట్టునకును నడుమ ఎడము 1.6 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో సుమారు ఆరువందలవ వంతు. ఆ బాటను విప్పి తిన్నగా పరచినచో ఐదు కిలోమీటర్లకు మించును. డీవీడీలో ఆ ఎడము 0.74 మైక్రోమీటర్లే.

గుంటలు చెక్కి పలుకును నిలుపుట మన సీమకు క్రొత్త కాదు. 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై కెక్కి, తిరుమల కోవెలలోని సంకీర్తన భాండాగారమున శతాబ్దములపాటు మరపున పడియుండి, గడచిన శతాబ్దిలో వెలికివచ్చినప్పుడు, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు వానిని చదివి పరిష్కరింపగా దేవస్థానమువారు అచ్చువేయించిరి. చదువుటకు వారికి కావలసినవి కన్నులు, లిపిజ్ఞానము, ఓరిమి. ఆ సంకీర్తనలే పిమ్మట సీడీలపై కెక్కినవి. అయినను చదువు యంత్రము లేనినాడు ఎంతటి పండితుడైనను ఆ బిళ్లనుండి ఒక్క యక్షరమును రాబట్టజాలడు. రేకునకు తాను చెడకుండుట చాలును. డిస్కునకో, తానును చెడరాదు, తన్ను చదువునదియు చెడరాదు. అందుచేత డ్రైవు మొరాయింపసాగినప్పుడు దానిని బాగుచేయించుట రెండవపని. అది ఏ కొంచెమైనను చదువుచున్నంతలో డిస్కులలోని సరకును హార్డుడిస్కులోనికి దింపుకొనుట మొదటిపని.

ఈ చదువు ఎట్లు జరుగునో చూతము. లేజరు కిరణము గుంటల బాటపై పడి మరలివచ్చును. గుంటలోతు, ప్లాస్టికులో ఆ కాంతికుండు తరంగదైర్ఘ్యమున సుమారు నాలుగవ వంతు ఉండునట్లు ఏర్పరచుటచే, గుంట అడుగునుండి మరలిన కాంతియు చుట్టునున్న చదునునుండి మరలిన కాంతియు ఒకదాని నొకటి హరించుకొని వెలుగు మందగించును. వెలుగు మారినచోట ఒకటి, మారనిచోట సున్న. ఇంతవరకు తేలికయే. కాని తిరుగుచున్న డిస్కు ఎంత చదునుగా కన్పట్టినను, అర మిల్లీమీటరువరకు అటునిటు ఊగుటకు సీడీ ప్రమాణమే సెలవిచ్చుచున్నది; లెన్సు నాభి యన్ననో ఒకటి రెండు మైక్రోమీటర్లు తప్పినను గుంటలు అలుకుకొనిపోవును. కావున లెన్సును సన్నని తీగలపై వ్రేలాడదీసి, ప్రక్కల తీగచుట్టలను అయస్కాంతములను అమర్చి, డిస్కు ఊగిన కొలది దానిని అనుక్షణము ఊగించుచుండవలెను.

ఎటు ఊగింపవలెనో తెలియు విధమే ఈ యంత్రములోని పరమరహస్యము. మరలివచ్చిన కాంతిని ఒక స్తంభాకార కటకముగుండ పంపి, నాలుగు గదులుగా విభజించిన కాంతిగ్రాహకముపై పడనిత్తురు. నాభి కుదిరినప్పుడు అచ్చట పడునది గుండ్రని చుక్క. డిస్కు దగ్గరైనచో అది ఒక మూలకు సాగిన అండాకృతి, దూరమైనచో రెండవ మూలకు సాగిన అండాకృతి. ఎదురెదురు గదులలోని వెలుగులను జంటలుగా కూడి, ఒక జంటనుండి మరియొక జంటను తీసివేసినంతనే, తప్పు ఎంతయో, ఏ దిక్కునకో, ఒక్క విద్యుత్సంకేతముగా చేతికందును. కొన్ని వందల రూపాయల వస్తువులో ఇంతటి కౌశలమును దాచి, పైన ప్లాస్టికు మూత వేసి యమ్మినవారిని నేను మెచ్చుకొనకుండలేను.

డిస్కు వేసినపుడు వినవచ్చు తొలి గరగర, లెన్సు పైకిని క్రిందికిని కదలుచు ఆ గుండ్రని చుక్కకై వెదకుకొను సడియే. చుక్క దొరకినచో డిస్కు వేగముగా తిరిగి, నడిమి చుట్లలోని విషయసూచిక చదువబడును. దొరకనిచో డ్రైవు మరల మరల వెదకి, డిస్కు లేదని విరమించుకొనును. కనుక డిస్కు వేగమందుకొనకమున్నే విరమించు డ్రైవునకు వెలుగు చాలుటలేదని యూహింపవచ్చును. పేరు చూపి, కొంతదూరము చదివి, నడుమ చిక్కుకొనునది గీతలుపడిన డిస్కో, అలసిన మోటారో కావచ్చును.

వెలుగు చాలకపోవుటకు మొదటి నేరస్థురాలు ధూళియే. డిస్కుమీది ధూళిని యంత్రము చాలవరకు క్షమించును: సీడీ ఉపరితలమునొద్ద కిరణము సుమారు 0.8 మిల్లీమీటర్ల వెడల్పుండి, లోపలికి పోయిన పిదపనే సూదిమొనగా కూడుకొనుటచే పైనున్న రేణువు దానికి మసకనీడ మాత్రమే. ఆపైని 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను నిద్దరు కనుగొన్న దోషనివారణ గణితము, బాటపై సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినను దానిని లెక్కగట్టి పూరింపగలదు. లెన్సుపై పడిన ధూళికి మాత్రము ఈ గణితము రక్షణము కాదు. అది ప్రతి డిస్కునకు, ప్రతి చుట్టునకు అడ్డమే. మేజామీది కంప్యూటరులో ట్రే ఒక్కటే వెలికి వచ్చును, లెన్సు లోపలనే యుండును. ల్యాప్‌టాపులోని పలుచని డ్రైవులో ట్రేతోపాటు మోటారు, లెన్సు సర్వమును వెలికివచ్చి, వాకిట ఎండబెట్టిన వడియాలవలె దుమ్మునకు గురియగును.

ఆ నిర్మాణదోషమే చికిత్సకు సౌలభ్యము కూడ నగుచున్నది. ట్రేను బయటికి లాగి, ల్యాప్‌టాపును ఆర్పివేసి, బ్యాటరీ ఊడదీయవలెను. ట్రే తెరువకున్నచో ముందున్న సూదిరంధ్రమున నిటారుచేసిన పేపరు క్లిప్పును పోనిచ్చిన వెలికి వచ్చును. నోటితో ఊదినచో ఉమ్మి తుంపరలు పడును గనుక రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, అప్పటికిని మసక పోనిచో ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి పిండిన దూదిపుల్లను లెన్సుపై తాకీతాకనట్లు త్రిప్పవలెను. అది సాధారణముగా ప్లాస్టికు లెన్సు. గోళ్ల రంగు తుడుచు ద్రవము తగిలినచో మరల చూపు రాదు. సన్నని తీగలపై వ్రేలాడుచుండుటచే గట్టిగా నొక్కుటయు ప్రమాదమే. యంత్రము నడుచుచుండగా మూత విప్పి లెన్సులోనికి చూచుట ఎన్నటికిని చేయరాదు: సీడీ లేజరు 780 నానోమీటర్ల పరారుణము గనుక కంటికి ఇంచుమించు అగపడదు, అగపడకయే గాయపరచును.

తుడిచినను గుణము లేనిచో లేజరు ముదిసినదని యనుమానింపవలెను. ఇందులకు చక్కని పరీక్ష ఒకటి గలదు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎఱ్ఱని లేజరు వేరుగా నుండుటచే, సీడీలన్నియు చదివి డీవీడీల నొల్లని డ్రైవునందు ఎఱ్ఱనిది నీరసించినదన్నమాట. తద్విరుద్ధమైనచో పరారుణమునకు జబ్బు. రెండింటిని చదువును గాని వ్రాయదనినచో, వ్రాతకు చదువుకంటె ఎన్నోరెట్లు శక్తి కావలెను గనుక అది వార్ధక్యమునకు తొలిసూచన. వెలుగు తగ్గినకొలది డ్రైవులోని కాపలా వలయము విద్యుత్తును పెంచి సరిదిద్దబూనును, ఆ పెంపుచే డయోడు మరింత త్వరగా క్షీణించును. వీసీడీ ప్లేయర్ల కాలమున మెకానిక్కులు హెడ్డుమీది చిన్న స్క్రూను త్రిప్పి విద్యుత్తు హెచ్చించి "బాగైపోయింది" అనువారు. బాగగుట నిజమే, కొన్ని వారములకు. ఒక తెలుగు సినిమాకు రెండుమూడు డిస్కులు మార్చవలసిన ఆ రోజులలో కొన్ని వారములే పదివేలు.

డ్రైవు నిర్దోషియైనను నింద మోయు సందర్భములు లేకపోలేదు. అమెరికానుండి బంధువులు తెచ్చిన హాలీవుడ్ డీవీడీ ఆడనిచో, కారణము డీవీడీలకు లోకమును ప్రాంతములుగా పంచియుండుటయే: అది ఒకటవ ప్రాంతపుది, మన దేశము ఐదవది. డ్రైవు ప్రాంతమును మార్చుకొనుటకు ఐదుమారులే అవకాశము, ఆపై ఎక్కడి ప్రాంతమక్కడనే బిగిసిపోవును. పెండ్లి హడావుడిలో స్టూడియోవారు 'ఫైనలైజు' చేయక యిచ్చిన డిస్కు, వ్రాసిన యంత్రమున తప్ప వేరొకట తెరువకపోవచ్చును. విండోసులో డ్రైవు పేరుప్రక్కన పసుపుపచ్చ గురుతు కనబడినచో దోషము పెక్కుమారులు సాఫ్ట్‌వేరుది. డిస్కులు కాల్చు సాఫ్ట్‌వేరును తొలగించినపుడు రిజిస్ట్రీలో మిగిలిన ఫిల్టరు పద్దులు అందుకు కారణములగుట కలదు. ఏసీ బస్సులో చల్లబడిన ల్యాప్‌టాపును వానకాలపు తేమగాలిలోనికి దింపి వెంటనే తెరచినచో లెన్సుపై ఆవిరి పట్టును. కొంతసేపు ఊరకున్న నదియే ఆరిపోవును. ఇక ఇంట వ్రాసిన డిస్కులలో సమాచారముండునది గుంటలలో గాదు, రంగుద్రవ్యమునందు. ఎండ సోకినచో ఆ రంగు వెలియును. సీడీలో అద్దపుపూత పేరు వ్రాయు వైపున పలుచని వార్నీషు క్రిందనే యుండుటచే, బాల్‌పెన్నుతో ఒత్తి వ్రాసిన పేరు అడుగువైపు గీతకంటె హాని.

దోషము డ్రైవుదో డిస్కుదో తేలనపుడు అదే డిస్కును వేరొక డ్రైవున వేసిచూచుటకంటె మేలైన తర్కము లేదు. ఒక డ్రైవు చదువని చోటును మరియొకటి చదువుట సర్వసాధారణము. డీడీరెస్క్యూ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఈ గుణమునే ఉపయోగించుకొని, మొదట సులభముగా వచ్చు భాగములన్నింటిని దింపి, మొండి భాగముల చిట్టా వ్రాసికొని, తిరిగి తిరిగి వానికై యత్నించును. నడుమ డ్రైవు మార్చి అదే చిట్టాతో కొనసాగింపవచ్చును. వేగము తగ్గించి చదివించినచో ముసలి డ్రైవు ఇంకను కొంత రాబట్టును. వ్రాయుటకు ఖాళీ డిస్కులు మాత్రము ముందువలె దొరకవు: మన దేశమున వానిని లక్షలుగా చేసి, చౌకగా తెలుగు సినిమాలనుగూడ డిస్కులపై అమ్మిన మోజర్ బేయర్ కంపెనీ 2018లో దివాలా విచారణయందు మూతబడినది.

సరకు దిగిన పిమ్మటనే మార్పిడి మాట. 2008లో ఆపిల్ కంపెనీ డ్రైవు లేని మాక్‌బుక్ ఎయిరును తెచ్చినపుడు వింతపడిన లోకము, పదేండ్లు తిరుగకమున్నే ఆ వింతకు అలవాటుపడినది గనుక, క్రొత్త డ్రైవుకంటె పాత ల్యాప్‌టాపునుండి విప్పిన డ్రైవే సులభముగా లభించును. కొనునపుడు మందము 12.7 మిల్లీమీటర్లో 9.5 మిల్లీమీటర్లో, కనెక్టరు సాటాయో ఐడీఈయో చూచుకొనవలెను. పెక్కు మోడళ్లలో అడుగున ఒక్క స్క్రూ తీసినంతనే డ్రైవు ప్రక్కకు జారి వచ్చును, ముందరి ప్లాస్టికు పట్టీ మాత్రము పాతదాని నూడదీసి క్రొత్తదానికి తగిలింపవలెను. డ్రైవే వలదనుకొన్నవారు ఆ ఖాళీలో క్యాడీ యను చట్రము పెట్టించి, అందు ఎస్ఎస్‌డీ నమర్చుకొన్నచో పాత ల్యాప్‌టాపునకు ప్రాణము లేచివచ్చును. ఇరుగుపొరుగుల పెండ్లి డిస్కులు కూడ దింపదలచినవారికి బయట తగిలించు యూఎస్‌బీ డ్రైవు మేలు. కాని పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చునది 500 మిల్లీయాంపియర్లే, డిస్కు త్రిప్పనారంభించినపుడు మోటారు అంతకుమించి కోరును. కావున రెండు పిన్నులున్న కేబులును అడిగి తీసికొని, రెండింటిని గ్రుచ్చవలెను. ఒక్కటే గ్రుచ్చి, డిస్కు తిరుగుటలేదని క్రొత్త డ్రైవును గూడ బజారునకు మోసికొనిపోయినవారు పెక్కుమంది గలరు.