ద్రవంలో జీవత్వచాలు – ఎక్స్ కిరణ చిత్రణ: అవకాశాలు, పరిమితులు

ఉపోద్ఘాతం:
జీవకణానికి ఎల్లలు ఏర్పరచేది త్వచం. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం 400 నానోమీటర్లకు పైబడినది కనుక సాధారణ సూక్ష్మదర్శిని ఆ మందాన్ని చూపలేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపగలదు. కాని అందుకు నమూనాను సాధారణంగా ఆరబెట్టవలసి గాని, గడ్డకట్టించవలసి గాని ఉంటుంది. నీటిని కోల్పోయిన త్వచం సహజరూపాన్ని నిలుపుకోదు. నీటిలో ఉండగానే త్వచాన్ని చూడడం ఎలా అన్నదే ఈ వ్యాసం పరిశీలించే అంశం.

స్ఫటికం చెప్పేది:
రంగారెడ్డి జిల్లా గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర పరిశోధకులు ఎన్-అసైల్ ఇథనోలమైన్లు అనే లిపిడ్ల స్ఫటిక నిర్మాణాలను ఎక్స్ కిరణ వివర్తనం ద్వారా నిర్ధారించారు. స్ఫటికంలో అణువులు బారులు తీరి ఉంటాయి కనుక పరమాణువుల స్థానాలు తెలుస్తాయి. జీవత్వచంలోనైతే లిపిడ్లు నీటి నడుమ నిరంతరం కదులుతుంటాయి. కాబట్టి స్ఫటిక నిర్మాణాన్ని యథాతథంగా త్వచానికి ఆపాదించలేము.

జలగవాక్షం:
2.3 నుండి 4.4 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల మృదు ఎక్స్ కిరణాలను నీటిలోని ఆక్సిజన్ స్వల్పంగాను, జీవపదార్థంలోని కార్బన్ దాదాపు పది రెట్లు అధికంగాను శోషిస్తాయి. ఈ వ్యవధినే జలగవాక్షం అంటారు. దీని ఉపయోగాన్ని 1952లో హాన్స్ వోల్టర్ సూచించాడు. ఉదాహరణకు, ఇబ్రహీంపట్నం చెరువు నీటిచుక్కలోని శైవలాన్ని రెండు పలుచని సిలికాన్ నైట్రైడ్ పొరల మధ్య ఉంచితే, రంగు వేయకుండానే దాని కణభాగాలు చీకటి గీతలుగా కనిపిస్తాయి. నీటిపొర మాత్రం సుమారు 10 మైక్రోమీటర్లకు మించరాదు.

పరిమితులు:
ఈ సూక్ష్మదర్శినుల స్పష్టత సాధారణంగా కొన్ని పదుల నానోమీటర్లు. అందువల్ల చిత్రంలోని గీత వెడల్పును త్వచపు మందంగా గ్రహించరాదు. మందం కావాలంటే నీటిలో పేర్చిన త్వచాల నుండి పరావర్తనం చెందిన కిరణాలను విశ్లేషించాలి. ఫాస్ఫేటు శిరస్సుల వద్ద ఎలక్ట్రాన్ల సాంద్రత అధికం కనుక రెండు అంచుల మధ్య దూరం తెలుస్తుంది. అయితే అది అసంఖ్యాక అణువుల సగటు మాత్రమే.

అంతకంటే క్లిష్టమైనది వికిరణ హాని. కిరణాలు నీటిని విచ్ఛిన్నం చేయగా పుట్టే స్వేచ్ఛా రాశులు త్వచాన్ని దెబ్బతీస్తాయి. స్పష్టత పెంచాలంటే మోతాదు పెరగాలి. మోతాదు పెరిగితే చూడదలచిన వస్తువే మారిపోతుంది. హానిని తగ్గించడానికి నమూనాను క్షణంలో ఘనీభవింపజేస్తే అది ద్రవస్థితిలో ఉండదు.

ముగింపు:
స్ఫటికం పరమాణువుల అమరికను, పరావర్తనం సగటు మందాన్ని, జలగవాక్షం కణంలో త్వచపు స్థానాన్ని తెలుపుతాయి. ఒకదాని సమాధానాన్ని మరొకదాని ప్రశ్నకు అన్వయించకుండా, మూడింటినీ సరిపోల్చి చదవడమే త్వచపరిశోధనలో సరైన మార్గం.