జపాన్‌లో వృద్ధుల సేవకు మనుషులు ఎందుకు చాలడం లేదు?

జనాభాలో 65 ఏళ్లు పైబడినవారు దాదాపు 29 శాతానికి చేరిన జపాన్‌లో, వృద్ధుల సేవాభారాన్ని కుటుంబాల మీద, ముఖ్యంగా ఇంటి ఆడవారి మీద వదిలేయకుండా సమాజమంతా పంచుకోవాలన్న ఉద్దేశంతో 2000 ఏప్రిల్‌లో ‘కాయిగో హోకెన్’ అనే దీర్ఘకాలిక సంరక్షణ బీమా మొదలైంది. దీర్ఘకాలిక సంరక్షణ అంటే వైద్యం కాదు. తమ పని తాము చేసుకోలేనివారికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, మంచం పట్టినవారికి పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం వంటి నిత్యసేవ. ఈ బీమాకు 40 ఏళ్లు నిండినవారందరూ చందా కడతారు. సేవ పొందేవారు చెల్లించే వాటా పోగా మిగిలిన ఖర్చులో సగం ఆ చందాల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది.

సేవ పొందే హక్కయితే దక్కింది గానీ చేసే చేతులే చాలడం లేదు. 2022లో సుమారు 21.5 లక్షలున్న సంరక్షకులు 2040 నాటికి 27.2 లక్షల మంది కావాలని అక్కడి ప్రభుత్వ అంచనా. పనిచేసే వయసువారు తగ్గిపోవడం ఇందుకు ఒక కారణమే అయినా, అసలు చిక్కు జీతం దగ్గర ఉంది. సేవల ధరను ప్రభుత్వమే నిర్ణయించి సాధారణంగా మూడేళ్లకోసారి సవరిస్తుంది కనుక, మనుషులు దొరకనప్పుడు మిగతా వ్యాపారాల మాదిరిగా ధర పెంచి ఎక్కువ జీతం ఇచ్చే వీలు సంస్థలకు లేదు. పైగా 2024 సవరణలో, అన్నిటికంటే తీవ్రమైన కొరత ఉన్న ఇంటింటి సేవకే మూల ధర తగ్గించారు. ఈ సేవ చేసే సంస్థలకు లాభం బాగానే ఉందన్నది ప్రభుత్వ వాదన. అయితే ఒకే భవనంలో ఉండే వృద్ధులకు వరుసగా సేవ చేసే సంస్థ లాభాన్నీ, పల్లెల్లో ఇంటికీ ఇంటికీ మధ్య దారిలోనే గంటలు గడిచిపోయే సంస్థ లాభాన్నీ కలిపి సగటు కడితే వచ్చే లెక్క అది. కొరతను తీర్చవలసిన విధానమే దాన్ని పెంచిందనడం అతిశయోక్తి కాదు.

మంచం నుంచి మనిషిని లేపే యంత్రాలు, రాత్రివేళ కదలికలను తెలిపే సెన్సర్లు సంరక్షకుల నడుముకూ నిద్రకూ మేలు చేస్తాయి గానీ, మనిషి స్థానాన్ని భర్తీ చేయలేవు. మరోవైపు 2008లో ఇండోనేషియాతో మొదలుపెట్టి ఫిలిప్పీన్స్, వియత్నాంల నుంచి సంరక్షకులను రప్పించారు. జపనీస్ భాషలో జరిగే సంరక్షకుల జాతీయ అర్హత పరీక్ష వారిలో చాలామందికి పెద్ద అడ్డంకి అయింది. ఆ తర్వాత 2019లో విదేశీ కార్మికుల కోసం ‘నిర్దిష్ట నైపుణ్య’ వీసా వచ్చింది. 2025 నుంచి ఆ వీసా ఉన్నవారు, షరతులకు లోబడి, ఇళ్లకు వెళ్లి కూడా సేవ చేయవచ్చు.

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవారిని జపాన్ ఉద్యోగాలకు సిద్ధం చేస్తోంది. అక్కడికి వెళ్లదలచినవారు జీతం అంకెను మాత్రమే కాక, అద్దె, బీమా, పన్నులు పోగా చేతికి మిగిలేదెంతో సంతకానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.