చెట్టు కొట్టే ముందు: బదులు మొక్క సంగతి

ఈసారి పురుగుల గురించి కాదు, చెట్ల గురించి. చివరికి అది కూడా పురుగుల దగ్గరికే వస్తుంది.

మూడేళ్ళ కింద మా షెడ్డుకి పడమర ఉన్న పెద్ద కానుగ చెట్టు కొమ్మ ఒకటి ఎండి రేకుల మీదికి వాలింది. మల్బరీ మీద నీడ కూడా పడుతోంది కదా అని అర్జీ పెట్టి, అనుమతి తీసుకుని మొత్తం చెట్టే కొట్టించాం. బదులుగా రెండు మొక్కలు నాటాలన్నారు. ఫిబ్రవరిలో కొట్టాం, మార్చిలో నాటాం. మే నెలకి రెండూ ఎండిపోయినాయి. అదే ఎండాకాలం మధ్యాహ్నం షెడ్డులో వేడి 35 డిగ్రీలు దాటింది. నాలుగో జ్వరం లేచినాక పాలరోగం వచ్చి సగం పంట పారేశాం. ఆ కొమ్మ వరకే అనుమతి అడిగి ఉంటే సరిపోయేది.

కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉంది. దాని 8వ సెక్షన్ ప్రకారం సొంత పొలంలో చెట్టయినా ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా కొట్టకూడదు. మనకి రేంజ్ ఫారెస్ట్ ఆఫీసులో అడిగితే దారి చెప్తారు. పహణీ నకలు దగ్గర పెట్టుకోండి. చెట్టు చచ్చినా, రోగం తగిలినా, గాలికి పడినా, ఇంటికీ మనుషులకీ ప్రమాదమైనా ఆ కారణం అర్జీలో స్పష్టంగా రాయండి. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్, సుబాబుల్, కొబ్బరి, సీమతుమ్మకి ఈ అనుమతి అక్కరలేదు. శ్రీగంధం జోలికి మాత్రం అడగకుండా పోకండి.

అనుమతి ఇచ్చేటప్పుడు బదులు మొక్క నాటాలని షరతు పెట్టొచ్చు. అదే జాతి గానీ, తగిన వేరే జాతి గానీ, అక్కడే లేదా వేరే అనువైన చోట, చెట్టు కొట్టిన 30 రోజుల్లో నాటాలి. ఆఫీసర్ గడువు పెంచొచ్చు కూడా. మేము తప్పింది ఇక్కడే. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వాన జూన్‌లో మొదలై సెప్టెంబరు, అక్టోబరులో ఎక్కువ పడుతుంది. ఎండాకాలం కొడితే ఆ 30 రోజులు ఎండలోనే పోతాయి. ప్రమాదం లేని చెట్టయితే జూన్, జులైలో కొట్టండి. తప్పక ముందే కొట్టాల్సి వస్తే, వాన దాకా గడువు కావాలని అర్జీలోనే రాయండి.

ఏం నాటాలంటే కానుగ, వేప మన మెట్టకి నిలుస్తాయి. కానుగ ఆకు పచ్చిరొట్ట ఎరువుకీ వస్తుంది. నీలగిరి వద్దు, 2017లోనే ప్రభుత్వం కొత్తగా నాటడం ఆపింది. చెట్టు మల్బరీ నాటితే లెక్కలోకి వస్తుందా అని ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కడ నాటాలనేది కూడా ముఖ్యమే. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. కాబట్టి మల్బరీకి ఉత్తరపు గట్టున నాటితే ఆకుకి నష్టం తక్కువ. షెడ్డుకైతే పడమర నాటండి, సాయంత్రపు ఎండ ఆగుతుంది. పెద్ద పురుగులకి 25 డిగ్రీల చుట్టూ ఉండాలంటే తడి గోనె ఒక్కటీ చాలదు. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండు బిందెలు నీళ్ళు, చుట్టూ పురుగులు తిని మిగిల్చిన పుల్లలు కప్పండి.

ఇది కర్ణాటక సంగతి. హొసూరు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం వైపు మనవాళ్ళు మీ దగ్గర నియమం అడిగి, తర్వాతే గొడ్డలి పట్టండి. మేము మళ్ళీ నాటిన కానుగలు ఇప్పుడు మనిషెత్తు అయినాయి. నీడకి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.