మృతభూమికి జీవం: గనుల నేలలు మనకు నేర్పే పాఠం

ఎవరి ఆధీనంలోనూ లేక, నీరందక, సాగుకు పనికిరాక పడివున్న నేలను ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ‘మవాత్’ అంటారు. అనగా మృతభూమి. దానిని సాగులోకి తేవడం ‘ఇహ్యా’, అంటే జీవం పోయడం. అటువంటి నేల దానికి జీవం పోసినవానికే చెందుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఇందుకు పాలకుని అనుమతి కావాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయపడగా, అక్కరలేదని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ గార్లు భావించారు. కాని హద్దురాళ్ళు పాతినంత మాత్రాన నేల బ్రతికినట్లు కాదు. హద్దులు పెట్టుకుని మూడేళ్ళపాటు సాగు చేయని వానికి దానిపై హక్కు మిగలదన్నది ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) నిర్ణయం.

గనులు త్రవ్వి వదిలిన నేలలు మరొక రకం మృతభూములు. వీటిని చంపింది ప్రకృతి కాదు, మనిషి. వీటికి యజమానో, కౌలుదారో, ప్రభుత్వమో ఉంటుంది గనుక ఇహ్యా ఆదేశం వీటికి నేరుగా వర్తించదు. అయినా నేల నిజంగా బ్రతికిందా అని చూసే ఆ కొలబద్ద మాత్రం వీటికీ సరిపోతుంది.

కెన్యాలో మొంబాసా రేవుకు సమీపాన బంబూరి అనే చోట ఒక సిమెంటు కంపెనీ పగడపు సున్నపురాయిని త్రవ్వి తీసింది. మిగిలినవి మట్టి లేని రాతి గుంతలు, ఉప్పు కలిసిన ఊటనీరు. 1971లో రెనె హాలర్ అనే స్విట్జర్లాండ్ వ్యవసాయ నిపుణుడు అక్కడ 26 రకాల మొక్కలను నాటి చూశారు. నిలబడినవి మూడే: సరుగుడు, కొబ్బరి, కోనోకార్పస్. మన కోస్తా ఇసుక నేలల్లో రైతులు పెంచే ఆ సరుగుడే అక్కడ ముందు నడిచింది. దాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తాయి. అయితే రాలిన సరుగుడు ఆకు త్వరగా కుళ్ళలేదు. అప్పుడు రోకలిబండలను తెచ్చి వదలగా, అవి ఆ ఆకును తిని మట్టిగా మార్చాయి. ఆ మట్టిలో ఇతర చెట్లు వేళ్ళూనుకున్నాయి, పక్షులు వచ్చాయి, చేపల పెంపకం సాగింది. 1984లో ఆ వనాన్ని ప్రజల సందర్శనకు తెరిచారు.

దీనినుండి గ్రహించవలసింది పని క్రమం. ముందు మట్టి, తరువాత చెట్టు, ఆపైన పంట. గని త్రవ్వేటప్పుడే పైమట్టిని తీసి విడిగా నిలువచేస్తే సగం శ్రమ తప్పుతుంది. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట పైర్లు నేలకు సత్తువ కూర్చుతాయి. గుంతలలో నిలిచే వర్షపునీరు చెరువుగా పనికివస్తుంది. లోహపు గనుల వద్ద మాత్రం మట్టిని, నీటిని పరీక్షించకుండా ఆహార పంటలు వేయరాదు; విషపదార్థాలు పంట ద్వారా మనుషులకు చేరగలవు.

ఇక ఆ నేల ఫలం ఎవరికి? గని వచ్చినపుడు పశువుల మేత, కట్టెలు, కూలి సాగు కోల్పోయినవారు చుట్టుపక్కల గ్రామస్థులే. చెట్లు నాటి కంచె వేసి వారిని వెలుపలే నిలిపితే నేల పచ్చబడవచ్చు గాని వారి నష్టం తీరదు. గని పని ముగిశాక ఆ నేలలో తిరిగి గడ్డి పెంచి, మేతకు, మొక్కలకు, జంతువులకు అనువుగా చేయాలన్న షరతు విధించవలసిందిగా 2020 జనవరిలో భారత సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ మేత గ్రామ పశువులకు అందినప్పుడు, గ్రామస్థులు కలిసి సాగుచేసే హక్కు పొందినప్పుడు ఆ ఆదేశం సార్థకమవుతుంది.

జరిగిన హానిని తొలగించాలన్నది ఫిఖహ్ మూలసూత్రాలలో ఒకటి. బీడుకు జీవం పోసినవానికి పుణ్యం ఉంది, హక్కు ఉంది. బ్రతికున్న నేలను చంపినవానికి దానిని తిరిగి బ్రతికించడం దానధర్మం కాదు. అది అతను తీర్చవలసిన బాకీ.